సూదీ దారం కింద పుస్తకం

చదువు విలువ హాస్టల్‌లో ఉండే మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఆడవాళ్లు చదవడమే నేరమైన ఊళ్లో కొందరు స్త్రీలు ఎలా చదువుకున్నారో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

నేపథ్యం

హెరాత్ ఆఫ్ఘనిస్థాన్‌కు పడమట, ఇరాన్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న పాత నగరం. కవిత్వానికి పేరుపొందిన ఊరు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ఆ దేశంలో ప్రవేశించి, 1989 ఫిబ్రవరిలో వెళ్లిపోయాయి. యుద్ధం మాత్రం ఆగలేదు. సాయుధ వర్గాలు తమలో తాము కొట్టుకున్నాయి. 1995 సెప్టెంబరులో తాలిబాన్లు హెరాత్‌ను పట్టుకున్నారు. బాలికల బడులు మూతపడ్డాయి. స్త్రీలు ఉద్యోగాలు మానాలన్నారు, మగతోడు లేనిదే గడప దాటరాదన్నారు. యుద్ధం ఇంటి భారాన్ని ఆడదాని మీద వేసింది, హక్కులను మాత్రం లాగేసుకుంది.

బంగారు సూది

స్త్రీలకు మిగిలిన కొద్దిపాటి పనులలో కుట్టుపని ఒకటి. దానినే ఆసరా చేసుకొని హెరాత్‌లో 'బంగారు సూది' అనే కుట్టు తరగతి నడిచింది. స్త్రీలు వారానికి మూడుసార్లు సంచులు పట్టుకొని వచ్చేవారు. సంచిలో పైన బట్ట, కత్తెర, దారం ఉండేవి. అడుగున నోటు పుస్తకం, కలం ఉండేవి. లోపల హెరాత్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మహమ్మద్ అలీ రహ్యాబ్ సాహిత్యం బోధించేవారు. షేక్‌స్పియర్, దోస్తోయెవ్‌స్కీ రచనలను కూడా చర్చించేవారు. బయట ఆడుకునే పిల్లలే కాపలా. ఎవరైనా వస్తున్నారని పిల్లలు చెప్పగానే పుస్తకాలు దాగేవి, సూదులు పైకి వచ్చేవి. పట్టుబడితే ప్రాణాలకే ముప్పు.

ఇక్కడ మనం గమనించవలసింది స్నేహం చేసిన పని. ఒక్కరు నోరు జారినా అందరూ పట్టుబడతారు. అంటే ప్రతి ఒక్కరి ప్రాణం మిగతావారి చేతిలో ఉంది. ఒంటరిగా ఇంట్లో దాక్కొని చదవవచ్చు. కానీ రాసింది ఎవరికి వినిపించాలి? తప్పు ఎవరు దిద్దుతారు? భయం వేసిన రోజు 'రేపు కూడా రా' అని ఎవరు అంటారు?

నాదియా అంజుమన్

ఆ తరగతిలో చదివిన వారిలో నాదియా అంజుమన్ ఒకరు. 1980లో పుట్టిన ఆమె పారసీ భాషలో కవితలు రాసింది. 2001 నవంబరులో హెరాత్‌లో తాలిబాన్ పాలన పోయాక విశ్వవిద్యాలయంలో చేరింది. 2005లో ఆమె కవితా సంపుటి వచ్చింది. అదే ఏడాది నవంబరులో, భర్త చేతి దెబ్బలు తిన్న తరువాత, ఆమె మరణించింది. కొట్టిన మాట భర్త ఒప్పుకున్నాడు, చంపిన మాట ఒప్పుకోలేదు. అప్పటికి ఆమెకు నెలల బిడ్డ ఉంది.

పుస్తకం దాచుకొని నడిచిన రోజుల్లో బతికిన మనిషి, బడులు తెరుచుకున్న రోజుల్లో సొంత ఇంట్లో దెబ్బలు తిని పోయింది. ప్రభుత్వం మారితే వీధి మారవచ్చు. ఇల్లు దానంతట అది మారదు.

మనం నేర్చుకోవలసింది

ఆడపిల్లకు భూదేవంత ఓర్పు ఉండాలని మన పెద్దలు అంటారు. ఆ మాటకు దెబ్బలు తిని పడి ఉండడం అని అర్థం చెబుతారు. హెరాత్ స్త్రీలది ఆ ఓర్పు కాదు. భయపడుతూ కూడా పది మందీ కలిసి పని ఆపకుండా ఉండడం వారి ఓర్పు. ఇది అమ్మాయిల పాఠం మాత్రమే కాదు. ఆ తరగతిలో పాఠం చెప్పింది ఒక మగవాడని అబ్బాయిలు గుర్తుంచుకోవాలి.

2021 ఆగస్టులో తాలిబాన్లు తిరిగి అధికారానికి వచ్చారు. ఆరో తరగతి దాటిన బాలికలకు బడులు మూశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూశారు. మళ్లీ ఇళ్లలో రహస్య తరగతులు నడుస్తున్నాయి.

మన దగ్గర అటువంటి నిషేధం లేదు. అయినా సెలవులకని ఇంటికి వెళ్లి, పెళ్లయిపోయి, ట్రంకు పెట్టె కోసం కూడా తిరిగిరాని అమ్మాయిలు మన హాస్టళ్లలో ఉన్నారు. ఈసారి సెలవుల తరువాత పక్క మంచం ఖాళీగా ఉంటే ఊరుకోవద్దు. ఎందుకు రాలేదో కనుక్కుందాం. వార్డెన్‌కు చెబుదాం. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయికి పెళ్లి చేస్తున్నారని తెలిస్తే 1098కి ఫోన్ చేద్దాం. ఇక్కడ చదివి వెళ్లిన అక్కలూ, అన్నలూ, ఈ పనిలో మీరు కూడా మాతో ఉండాలి.