కారణం తెలియని పక్షవాతం: గుండె ఇచ్చే సూచనలు

మెదడుకు రక్తం చేర్చే నాళంలో గడ్డ అడ్డుపడితే పక్షవాతం రావచ్చు. ఇటువంటి పక్షవాతాలలో సుమారు నాల్గవ వంతుకు స్కానింగు, ఈసీజీ, ఎకో వంటి పరీక్షలన్నీ చేసినా కారణం తెలియదు. వీటిని వైద్యులు ‘క్రిప్టోజెనిక్ స్ట్రోక్’ అంటారు. కారణమే లేదని కాదు, అది ఇంకా బయటపడలేదని దీని అర్థం.

ఇటువంటప్పుడు గుండె ఎడమ పై గదిని అనుమానించవలసి ఉంటుంది. ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అనే లయభంగంలో ఆ గది సరిగా ముడుచుకోక అదురుతుంది. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరవచ్చు. ఈ లయభంగం వచ్చి పోతూ ఉంటే కొద్ది క్షణాల ఈసీజీకి చిక్కదు. 2014లో వెలువడిన ‘క్రిస్టల్ ఏఎఫ్’ అధ్యయనంలో, చర్మం కింద చిన్న పరికరం అమర్చినవారిలో 12.4 శాతం మందికి ఏడాదిలో ఇది బయటపడింది. మామూలు పరీక్షలతో 2 శాతం మందికే తెలిసింది.

గుండెపై ఒత్తిడి పెరిగినప్పుడు ‘ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ’ అనే పదార్థం రక్తంలో హెచ్చుతుంది. వయస్సు, మూత్రపిండాల జబ్బు వలన కూడా హెచ్చవచ్చు. ఇది గాని, ఎడమ పై గదికి సంబంధించిన ఇతర సూచనలు గాని ఉండి, లయభంగం కనబడని 1,015 మంది రోగులపై అమెరికా, కెనడాలలో ‘ఆర్కేడియా’ పరిశోధన జరిగింది. కొందరికి గడ్డలను నివారించే అపిక్సబాన్, మిగిలినవారికి ఆస్పిరిన్ ఇచ్చారు. 2024లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఉభయులలోనూ పక్షవాతం తిరిగి వచ్చిన రేటు ఏడాదికి 4.4 శాతమే.

కనుక రక్తపరీక్షలో అంకె పెరిగినంత మాత్రాన అపిక్సబాన్ వంటి మందు అవసరమని భావించరాదు. వాటివలన రక్తస్రావ ప్రమాదమూ ఉంది. లయభంగం నిర్ధారణ అయితే మాత్రం అవే మందులు ఎంతో మేలు చేస్తాయి. అందుచేత గుండె లయను ఎంతకాలం గమనించాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. వ్రాసి ఇచ్చిన మందును స్వయంగా మానరాదు, మార్చరాదు. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉంచుకొని, పొగాకు విడువాలి. ఉపాధికై ఊరు మారేవారు డిశ్చార్జి పత్రాన్నీ, ఈసీజీ, ఎకో నివేదికలనూ వెంట ఉంచుకోవాలి.

మూతి వంకర, చేయి లేవకపోవడం, మాట తడబడటం అకస్మాత్తుగా కనబడితే వెంటనే 108కు ఫోను చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. లక్షణాలు మొదలైన సమయాన్ని వైద్యునికి తప్పక చెప్పాలి.