‘సెట్’ పక్కన ఏ క్రియ?

ఈసారి గోడపత్రికకు నేను ఎంచుకున్న మాట చాలా చిన్నది: సెట్. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడుగైన వివరణ దీనిదే. సుమారు 430 అర్థాలిచ్చారు. తర్వాతి సవరణల్లో ‘రన్’ దీన్ని దాటిపోయింది గానీ, సినిమా వాళ్ళ కోడంబాక్కంలో మాత్రం ఇప్పటికీ ‘సెట్’దే రాజ్యం!

ముందు పుట్టుక చూద్దాం. ఇంగ్లీషులో ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. మనం ‘పెట్టు’ చేర్చి చెప్పేదాన్ని వాళ్ళు అచ్చు మార్చి చెప్పారు. గుంపు అనే అర్థంలో వాడే ‘సెట్’ పుట్టుక వేరు. అది లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. కాలక్రమాన రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి. ఎంసెట్ లాంటి పరీక్షల పేర్లలో ఉన్నది మాత్రం ఈ మాట కాదు, అవి పొడి అక్షరాలు.

తెలుగులోకి వచ్చాక ఈ మాట ఒంటరిగా నిలబడదు. పక్కన మన క్రియ ఒకటి కావాలి. అర్థాన్ని తేల్చేది ఆ క్రియే.

సెట్టు వేశారు: ఇది సినిమా మాట. ‘మాయాబజార్’ (1957) కోసం ఇక్కడికి దగ్గర్లోని వడపళని వాహినీ స్టూడియోలో గోఖలే, కళాధర్ కళాదర్శకత్వంలో వేసినవి ఇలాంటి సెట్టులే.
సెట్టు కొన్నారు: నగలో, గాజులో, గిన్నెలో.
సెట్ చేశారు: గడియారం సరిచేశారు, లేదా సామాను అమర్చారు.
సెట్ అయింది: నప్పింది, సరిపోయింది.

సెట్ దోశలో సెట్ అంటే ఒక ప్లేటుకు వచ్చే రెండు మూడు దోశలు. మన తమిళ స్నేహితురాళ్ళు ‘మా సెట్టు’ అంటే తమ బ్యాచి అని.

ఇంతవరకు బాగానే ఉంది. ఇబ్బంది ఆ చివరి ‘సెట్ అయింది’తోనే. అది మెల్లగా ఎన్ని మాటల చోటు ఆక్రమిస్తోందో చూడండి. ఇంగ్లీషువాళ్ళు వీటన్నిటికీ ‘సెట్’ అనే అంటారు. తెలుగులో ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది:

పెరుగు తోడుకుంది.
సిమెంటు గట్టిపడింది.
పొద్దు గుంకింది.
ఉంగరంలో రాయి పొదిగారు.
పాటకు బాణీ కట్టారు.
ఉచ్చు పన్నారు.
ముహూర్తం పెట్టారు.

పెరుగు ‘సెట్ అయింది’ అన్నామనుకోండి, పాలలో వేసే ఆ చెంచాడు ‘తోడు’ కూడా మాటలోంచి మాయమవుతుంది. మాలో చాలామందిమి తెలుగు బడిలో నేర్చుకోలేదు, ఇంట్లో విన్నాం. అమ్మమ్మ ‘తోడుకుంది’ అనడం మానేస్తే, ఆ మాట మళ్ళీ వినడానికి మాకు ఇంకో చోటు లేదు.

మరి ‘సెట్ అయింది’కి సాటి వచ్చే మాట మనకు లేదా? నాకు దొరికింది ‘కుదిరింది’. పెళ్ళి కుదిరింది, జాకెట్టు కుదిరింది, ఇవాళ పులుసు బాగా కుదిరింది. జబ్బు తగ్గితే కుదుటపడ్డారు అంటాం. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట పేరు కుదురు. అల్లరి పిల్లను ‘కుదురుగా కూర్చో’ అంటాం. కూర్చోవడం దగ్గర మొదలైన ఇంగ్లీషు మాట తిరిగే చోట్లన్నీ చాలావరకు మన కుదురుకూ తెలుసు.

‘సెట్’ను వెళ్ళగొట్టమని నేననను. సెట్టు వేయడం మన ఊరి వృత్తిమాట, దాన్ని అలాగే ఉండనిద్దాం. అనువాదం పేపర్లో మాత్రం ‘సెట్’ కనబడగానే ‘సెట్ చేయు’ అని రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఏది సెట్ అయింది? పెరుగా, పొద్దా, పెళ్ళా? జవాబులోనే క్రియ ఉంటుంది.

కింద ఖాళీ కాగితం అంటించాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఈ చోట్ల వాడే ఇంకో మాట ఏదైనా ఉంటే, అది ఏ ఊరి మాటో కూడా చేర్చి రాయండి.