హ్యాండోవర్‌లో ఆయమ్మకూ చోటివ్వండి

ఆసుపత్రిలో కొత్త పద్ధతి ఏదైనా పెట్టాలనుకునే వార్డు ఇన్‌చార్జి సిస్టర్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు, ఏరియా ఆసుపత్రుల్లో పరిపాలన చూసేవాళ్లకు ఒక మాట. సర్క్యులర్ రాగానే అందర్నీ పిలిచి "మనమంతా ఒకే కుటుంబం" అని మొదలుపెట్టకండి. ఆ గదిలో పర్మినెంటు స్టాఫ్ నర్సు ఉంటుంది, కాంట్రాక్టు నర్సు ఉంటుంది, ఏజెన్సీ కింద పనిచేసే ఆయమ్మ, సెక్యూరిటీ అన్న, పారిశుధ్య కార్మికులు ఉంటారు. ఒకరి జీతం ఒకటో తారీఖున పడుతుంది. ఇంకొకరిది ఏజెన్సీ ఎప్పుడిస్తే అప్పుడు. కుటుంబం అనే మాట వాళ్లలో సగం మంది చెవికెక్కదు, ఎక్కకపోవడం న్యాయమే.

ఆసుపత్రిలో జట్లు ఉండడం తప్పేమీ కాదు. లేబర్ రూమ్ సిస్టర్లకు తమ పని మీద ఒక గర్వం ఉంటుంది. డయాలసిస్ టెక్నీషియన్లకు తమదైన పట్టింపు ఉంటుంది. బిడ్డకు స్నానం చేయించడంలో తన చేయి తిరిగినట్టు ఇంకెవరికీ తిరగదని ఆయమ్మ నమ్ముతుంది. కొత్త పద్ధతిని మోసేది ఆ గర్వమే. దాన్ని చెరిపేసి అందరికీ ఒకే నినాదం అంటిస్తే పద్ధతి గోడ మీద నిలుస్తుంది, వార్డులో నిలవదు. "పైనుంచి ఆర్డరొచ్చింది, చేయాలి" అంటే అది పైవాళ్ల పని. "లేబర్ రూమ్ వాళ్లం ఇట్లా చేస్తాం" అని వాళ్లే పక్క వార్డుకు చెప్పే స్థితి వస్తే అది వాళ్ల పని.

ఈ తేడాకు ఒక ఉదాహరణ చూడండి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంటును బయటికి పంపే ముందు ఒక్క నిమిషం ఆగి అడగాలి. కోతకు ముందు థియేటర్లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని చెప్పాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. తర్వాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రం దీన్ని పట్టుబట్టి అన్ని ఆసుపత్రుల్లో పెట్టించింది. అక్కడి 101 ఆసుపత్రుల లెక్కలు 2014లో వెలువడితే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కారణం ఏమిటన్న దాని మీద నిపుణుల మధ్య చాలా వాదన నడిచింది. నా మట్టుకు అనిపించేది ఇది: కాగితం మీద టిక్కు పెట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. పేరు చెప్పుకుని ఆ బృందంలో తానూ ఒకరైన నర్సు మాత్రమే కుట్లు వేసే సమయంలో "సార్, ఒక మాప్ లెక్కకు తగ్గింది, ఆగండి" అనగలదు.

ఇప్పుడు మన అనంతపురం వైపు ప్రసూతి వార్డుకు రండి. మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీ మారుతుంది. పొద్దుటి సిస్టరు కేస్ షీట్లు పట్టుకుని "మూడో బెడ్ ఎల్‌ఎస్‌సీఎస్, ఐదో బెడ్ నార్మల్, ఏడో బెడ్ నార్మల్, బీపీ ఓకే" అని అప్పజెప్తుంది. ఆయమ్మ బకెట్ పట్టుకుని పక్కనే నిలబడి ఉంటుంది, ఆమెను ఎవరూ అడగరు. కానీ ఏడో బెడ్ బాలింత గుడ్డలు మార్చింది ఆమే. "రెండు తూర్లు మార్చినా సిస్టరమ్మా, మళ్లా తడిసిపోయింది, ఆ తల్లి పెదాలు తెల్లగైనాయి" అనే మాట ఆమె దగ్గరుంది. కాన్పు తర్వాత 24 గంటల్లో 500 మిల్లీలీటర్ల రక్తం పోతే ప్రమాదంగా లెక్కిస్తారు. రక్తహీనత ఉన్న తల్లికైతే అంతకన్నా తక్కువ పోయినా కష్టమే. ఆ తడిని మొదట చూసే మనిషి హ్యాండోవర్‌లో లేకపోతే ఆ ప్రమాదం ఇంకో గంట తర్వాత బీపీ పడిపోయినప్పుడుగానీ బయటపడదు.

కాబట్టి మీరు పెట్టే మొదటి మార్పు ఇదే కానివ్వండి. హ్యాండోవర్ చివర ఒక్క నిమిషం ఆయమ్మది. పాడ్ ఎన్నిసార్లు మార్చింది, ఎవరు మూత్రానికి లేవలేదు, ఏ బిడ్డ పాలు పట్టలేదు, ఈ మూడూ ఆమె తన మాటల్లోనే చెప్పాలి. ఆమెకు ఇంగ్లీషు ముక్కలు నేర్పించే ప్రయత్నం చేయొద్దు. ఆమె మాటను కేస్ షీట్‌లోకి ఎక్కించుకోవడం సిస్టరు పని. మొదటి వారం ఆమె సిగ్గుపడి "ఏం లేదమ్మా" అంటుంది. బెడ్ నంబరు పెట్టి అడగండి, చెప్తుంది. ఆమె చెప్పినందువల్ల ఒక తల్లికి వేళకు మందు పడితే ఆ సంగతి మరుసటి రోజు అందరి ముందూ ఆమె పేరు పెట్టి చెప్పండి. డాక్టరు నోట చెప్పిస్తే ఇంకా మంచిది.

మన ప్రాంతంలో భాష ఒక్కటి కాదన్నదీ మరువకూడదు. మడకశిర, రాయదుర్గం వైపు నుంచి కన్నడం మాట్లాడేవాళ్లు వస్తారు. హిందూపురం, కదిరి, గుంతకల్లు నుంచి ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు వస్తారు. అర్ధరాత్రి కన్నడ బాలింత చెప్పేది అర్థం కాక సిస్టరు ఇబ్బంది పడుతుంటే గేటు దగ్గరి సెక్యూరిటీ అన్న వచ్చి చెప్పిపోతాడు. సిబ్బందిలో ఎవరికి ఏ భాష వచ్చో ఒక పట్టీ రాసి డ్యూటీ రూములో పెట్టండి. సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టించే విషయం మాత్రం ఈ భాష సాయం చేసేవాళ్ల మీద వదలొద్దు, డాక్టరు దగ్గరుండి తీరాలి.

ఊరివాళ్లకు తెలిసిన మనిషి ముందు, వ్యవస్థ తర్వాత అన్న పద్ధతి ఈ నేలకు కొత్తేమీ కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలుగా ఊరి ఆడవాళ్లనే తీసుకుంది. బత్తలపల్లిలో ఆ సంస్థ పెద్దాసుపత్రి ఆ తర్వాతే, 2000లో వచ్చింది. ప్రభుత్వం వైపు చూస్తే, ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి, మిగతావి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. కార్పొరేట్ ఆసుపత్రి గడప ఎన్నడూ తొక్కని రైతుకు కౌంటర్ దగ్గర దారి చూపే ఒక ఆరోగ్యమిత్ర కనబడ్డారు. పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. జనం మాత్రం "ఆరోగ్యశ్రీ కార్డుందా?" అనే అడుగుతారు. కొత్త పదవికో, కొత్త కౌంటరుకో పేరు పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. పేషెంటు బంధువు ఒక్కసారి విని మళ్లీ అనగలిగే పేరు పెట్టండి.

2017 డిసెంబరులో మొదలైన లక్ష్య కార్యక్రమం లేబర్ రూముల్లో పరిశుభ్రతతో పాటు తల్లికి ఇవ్వాల్సిన గౌరవం గురించీ చెప్తుంది. నొప్పులు పడే తల్లిని "నోర్ముయ్" అనకూడదని ఎవరికి తెలియదు? అయినా అంటారు, ఎందుకంటే ఒక సిస్టరు మీద మోయలేనంత పని ఉంటుంది. గదమాయించడం మానమని నోటీసు అంటిస్తే సిస్టర్లు నొచ్చుకుంటారు. పని పంపకం ముందు సరిచేయండి. ఆ తర్వాత, గట్టిగా అరవకుండా కాన్పులు చేయించే పేరున్న సీనియర్ సిస్టరు మీ దగ్గర ఒకరైనా ఉంటారు, కొత్తగా చేరిన పిల్లలను ఆమె పక్కన డ్యూటీ వేయండి. బయటి ట్రైనరు చెప్పే దానికన్నా తమలోని పెద్దమ్మ చేసేది చూసి వాళ్లు త్వరగా నేర్చుకుంటారు.

ఎదురు తిరిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. "ఆయమ్మ రిపోర్టు నేను వినాల్నా?" అనే సీనియరుతో అందరి ముందు వాదం పెట్టుకోవద్దు. వారం తర్వాత రిజిస్టరు తీసి, ఆయమ్మ చెప్పినవాటిలో ఎన్ని నిజంగా పనికొచ్చాయో ఆ ఒక్కరికే చూపించండి. పనికిరానివి ఉంటే అవీ చూపించండి.

బదిలీల కాలం వచ్చాక ఇన్‌చార్జి మారగానే ఈ ఒక్క నిమిషం ఎగిరిపోతుంది. అందుకే మీరు రిలీవ్ అయ్యేముందు చార్జి అప్పగించే పత్రంలో ఆక్సిజన్ సిలిండర్ల లెక్క కింద ఇంకో వరుస రాయండి: ఏ షిఫ్టులో ఏ ఆయమ్మ హ్యాండోవర్‌లో మాట్లాడుతుందో, పేరుతో సహా.