మొదటి కారు, కుర్ర డ్రైవరు, బీమా లెక్క

ప్రశ్న: మాది కొట్పాడ్. అబ్బాయికి 19 ఏళ్ళు, ఈ మధ్యే లైసెన్సు వచ్చింది. జయపురంలో కాలేజీకి, అప్పుడప్పుడు సాలూరులో వాళ్ళ అమ్మమ్మగారింటికి తిరగడానికి ఓ చిన్న కారు కొందామనుకుంటున్నాం. ఇంగ్లండులో చదువుతున్న మా మేనల్లుడు "కుర్రాళ్ళ దగ్గర ఇన్సూరెన్సుకి కారు ఖరీదంత గుంజుతారు మావయ్యా" అని భయపెట్టాడు. ఇక్కడా అంతేనా? కారు నా పేరున కొంటే ప్రీమియం తగ్గుతుందా?
– ఒక తండ్రి, కొట్పాడ్

జవాబు: మీ మేనల్లుడు అబద్ధం చెప్పలేదండీ. కానీ అది అక్కడి లెక్క. బ్రిటన్‌లో కంపెనీ ముందుగా డ్రైవరు వయసూ అనుభవమూ చూసి ధర కడుతుంది. ఒకప్పుడు అమ్మాయిలకి తక్కువ, అబ్బాయిలకి ఎక్కువ తీసుకునేవారు. యూరప్ కోర్టు తీర్పుతో 2012 డిసెంబరు 21 నుంచి ఆ తేడా పోయింది గానీ వయసు తేడా అలాగే ఉంది. మన దేశంలో ప్రీమియం ప్రధానంగా బండిని బట్టి ఉంటుంది: ఇంజను ఎంత, బండి వయసెంత, విలువెంత, ఏ ఊళ్ళో రిజిస్టరైంది. కాబట్టి ప్రీమియం తగ్గుతుందని మాత్రం మీ పేరున కొనకండి. అలా కొనడంలో ఓ పెద్ద నష్టం కూడా ఉంది. ముందు ఖర్చు సంగతి చూద్దాం.

బీమాలో మొదటి భాగం థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ళ నష్టానికి. దాని ధర కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897. సుప్రీంకోర్టు ఆదేశం వల్ల 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. చిన్న ఇంజనుకి అది 6,521, మధ్య ఇంజనుకి 10,640. అంటే 998 సీసీ బండికీ 1,199 సీసీ బండికీ మధ్య ఇక్కడే నాలుగు వేల పైచిలుకు తేడా. కుర్రాడి మొదటి కారుకి చిన్న ఇంజను చాలునని నా గట్టి అభిప్రాయం.

ఇక రెండో భాగం, మన బండికి జరిగే నష్టం. దీని ధరలకి 2007 జనవరి 1 దాకా కట్టడి ఉండేది, ఇప్పుడు ఏ కంపెనీ రాయితీ ఆ కంపెనీది. అయినా పాత టారిఫ్ పట్టికతో లెక్క మొదలుపెడితే అంచనా దొరుకుతుంది. అందులో హైదరాబాదు, చెన్నై లాంటి ఎనిమిది మహానగరాలు ఎ జోను, మిగతా దేశమంతా బి జోను. కొట్పాడ్ బి కిందికే వస్తుంది. విలువ 5 లక్షలు కట్టిన చిన్న ఇంజను కొత్త కారుకి బి జోనులో 3.039 శాతం, అంటే 15,195 రూపాయలు. అదే బండి హైదరాబాదులో రిజిస్టరైతే 15,635. దీనికి మూడేళ్ళ థర్డ్ పార్టీ, 18 శాతం జీఎస్టీ కలిపితే 25,600 దాకా వస్తుంది. యజమాని ప్రమాద బీమా, మీరు అడిగే అదనపు రక్షణలు దీనిమీద. ఇందులోంచి రాయితీలు తీసేస్తారు కనుక చేతికొచ్చే ధర మారుతుంది. షోరూములో చెప్పిన అంకె దగ్గర ఆగిపోకుండా కనీసం మూడు కంపెనీల ధర అడగండి.

ఇప్పుడు, కారు మీ పేరున కొంటే వచ్చే ఆ నష్టం సంగతి. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల నష్టపోయిన ఎదుటివాళ్ళకి. మన బండి నడిపేవాడు ఆ లెక్కలోకి రాడు. వాడి కోసం పాలసీలో 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది, కానీ అది ఆర్‌సీలో పేరున్న యజమానికి, అదీ ఆయనకి లైసెన్సు ఉంటేనే. కారు మీ పేరున ఉండి, సుంకి ఘాటీ మలుపులో స్టీరింగు మీ అబ్బాయి చేతిలో ఉన్నప్పుడు జరగరానిది జరిగితే ఆ 15 లక్షలు మీ ఇంటికి రావు. ఈ ముక్క ఏజెంట్లు చెప్పడం అరుదు. పిల్లవాడికి కారు కొనే ప్రతి తల్లీ తండ్రీ పాలసీ మీద సంతకానికి ముందు తెలుసుకోవలసింది ఇదే.

అందుకని అబ్బాయి పేరునే కొనండి. 18 నిండాయి, అడ్డేం లేదు. నో క్లెయిమ్ బోనస్ కూడా వాడి పేరునే పోగవుతుంది: క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరికి 50. అది బండిది కాదు, మనిషిది. రేపు కారు మార్చినా వెంట వస్తుంది. బ్యాంకు అప్పు కోసం మీ పేరే పెట్టాల్సి వస్తే అబ్బాయికి విడిగా ఓ ప్రమాద బీమా పాలసీ తీసుకోండి. అది ఎవరి బండి నడిపినా, బస్సులో వెళ్ళినా పనికొస్తుంది. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలకి 2 లక్షల ప్రధానమంత్రి సురక్షా బీమా ఎలాగూ ఉంది, అదీ వదలకండి.

ఖర్చు తగ్గించడానికి "చిన్న నష్టాలు నేనే భరిస్తా" అనే వాలంటరీ డిడక్టిబుల్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. పాత టారిఫ్ ప్రకారం ప్రతి క్లెయిములో 15,000 మీరు భరించడానికి ఒప్పుకుంటే దక్కే రాయితీ మహా అయితే 2,500. కొత్తగా నడిపేవాడికి ఇది నష్టపు బేరం. దానికి బదులు జీరో డిప్రీసియేషన్ తీసుకోండి, మనవైపు బంపర్ టు బంపర్ అంటారు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం మీదే. కుర్రాళ్ళ చేతిలో ముందు దెబ్బతినేది ఆ ప్లాస్టిక్ బంపరే కదా. అలాగని ప్రతి గీతకీ క్లెయిముకి పరుగెత్తవద్దు. చిన్న కార్లకి ప్రతి క్లెయిములో తప్పనిసరిగా 1,000 మీ వాటా, పైగా పోగైన బోనసంతా సున్నాకి వస్తుంది.

ప్రశ్న: పార్వతీపురంలో మా బంధువుల దగ్గర నాలుగో ఏడు నడుస్తున్న కారు కొంటున్నాను, నా మొదటి బండి. "ఇన్సూరెన్సు ఇంకా ఏడు నెలలుంది, నీకు ఆ ఖర్చు లేదు" అంటున్నారు. నిజమేనా?
– రాయగడ నుంచి ఒక యువకుడు

జవాబు: సగం నిజం బాబూ. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షను ప్రకారం బండి చేతులు మారగానే థర్డ్ పార్టీ రక్షణ నీకు వచ్చినట్టే. కానీ బండికి జరిగే నష్టం సంగతి అలా కాదు. 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీ నీ పేరుకి మార్పించుకోవాలి. అది మారేలోపు ఒడిశా రోడ్డు మీద ఆవు అడ్డొచ్చి బండి నుజ్జయితే పాత యజమానికి బండి లేదు, నీకు పాలసీ లేదు. కంపెనీ ఇద్దరికీ ఇవ్వనంటుంది, కోర్టులూ ఆ మాటే సమర్థించాయి.

మార్పించేటప్పుడు కొంత చెల్లించాలి. మీ బంధువులకి వచ్చిన నో క్లెయిమ్ బోనస్ నీకు రాదు కదా, ఆ రాయితీని మిగిలిన ఏడు నెలలకి లెక్కగట్టి నీ దగ్గర వసూలు చేస్తారు. ధర మాట్లాడేటప్పుడే ఈ మొత్తం కంపెనీని అడిగి తెలుసుకో, మొహమాటపడకు. వాళ్ళని కూడా బోనస్ పత్రం తీసుకుని దాచుకోమను, మూడేళ్ళలోపు కొత్త కారు కొంటే వాడుకోవచ్చు.

విలువ కూడా చూసుకో. నాలుగో ఏడు నడిచే బండికి కంపెనీ ధరలో 40 శాతం తరుగు తీసి ఐడీవీ, అంటే బీమా విలువ, కడతారు. బండి పూర్తిగా పోతే నీకొచ్చేది అంతే. ప్రీమియం తగ్గిస్తామని దాన్ని ఇంకా కిందికి దించితే ఒప్పుకోకు. ఆంధ్ర నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, బండి రాయగడలోనే ఉంచుతావు గనుక 12 నెలలు దాటకుండా ఓడీ-18 నంబరు వేయించి, ఆ కొత్త నంబరు పాలసీలో కూడా ఎక్కించు.

ప్రశ్న: షోరూములోనే ఇన్సూరెన్సు తీసుకుంటేనే డెలివరీ ఇస్తామంటున్నారు. తప్పదా?
– ఒక ఉద్యోగిని, జయపురం

జవాబు: అలా బలవంతం చేసే హక్కు డీలరుకి లేదమ్మా. బయట తీసుకున్న పాలసీ కాగితం చూపిస్తే చాలు. డీలరు ఇచ్చేదానిలో ఒక సౌకర్యం ఉందనుకోండి, వాళ్ళ గ్యారేజీలో డబ్బు కట్టకుండా రిపేరు సులువవుతుంది. మీరు చూస్తున్న పాలసీకి జయపురంలో గానీ కోరాపుట్‌లో గానీ అలాంటి గ్యారేజీ ఉందో లేదో కనుక్కుని, ఆ తర్వాత ధరలు పోల్చండి. విశాఖపట్నం దాకా బండిని లాక్కెళ్ళాల్సి వస్తే ఆదా చేసిన రెండు వేలూ దారిలోనే పోతాయి.

ప్రశ్న: అన్నయ్య కొత్త కారు సంత రోజుల్లో బొరిగుమ్మ, జగదల్‌పూర్ వైపు మనిషికింతని ఎక్కించుకుని తిప్పుతున్నాడు. తను లేనప్పుడు 17 ఏళ్ళ తమ్ముడు నడుపుతాడు. ఇన్సూరెన్సు ఫుల్లుగానే ఉందిలే అంటాడు. నాకు భయంగా ఉంది.
– ఒక చెల్లెలు, కొట్పాడ్ దగ్గరి పల్లె

జవాబు: నీ భయం న్యాయమైనదే తల్లీ. తెల్ల నంబరు బండికి ఇచ్చే పాలసీలో కిరాయికి తిప్పకూడదని రాసే ఉంటుంది. ఆ ప్రయాణంలో ప్రమాదమైతే బండి క్లెయిము తోసిపుచ్చుతారు, ఎక్కినవాళ్ళ పరిహారం అన్నయ్య నెత్తిన పడే ప్రమాదముంది. కిరాయికి తిప్పాలంటే పసుపు నంబరూ పర్మిటూ టాక్సీ పాలసీ తీసుకోమను. ఖర్చు ఎక్కువే, కానీ సంపాదన కోసమే తిప్పుతున్నాడు కదా.

తమ్ముడి సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షను ప్రకారం 18 నిండని పిల్లవాడు నేరం చేస్తూ బండితో దొరికితే సంరక్షకుడికి లేదా యజమానికి 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. తమ్ముడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. లైసెన్సు లేనివాడు ఎవరినైనా గుద్దితే, ముందు కంపెనీ చేత బాధితులకి ఇప్పించి, ఆ సొమ్ము యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పడం 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన స్వరణ్ సింగ్ తీర్పు నుంచీ మామూలైంది. ఆ సొమ్ము లక్షల్లో ఉంటుంది, దాన్ని కట్టేది మీ ఇల్లే. ఈ జవాబు అన్నయ్యకి చదివి వినిపించు. ఈ సంతకే తాళంచెవి తమ్ముడి చేతికి అందకుండా చూడు.