వరుస తప్పిన పరమాణువులు: ఎక్కువ ఛార్జ్ దాచుకునే ఆక్సైడ్ల సంగతి



కెపాసిటర్ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఫోన్ బ్యాటరీ నిండడానికి గంట పడితే కెపాసిటర్‌కి సెకన్లు చాలు, ఎందుకు? అలాగైతే ఫోన్‌లో బ్యాటరీ తీసేసి కెపాసిటరే పెట్టొచ్చు కదా? ఈ నెల పాఠం ఆ రెండు ప్రశ్నల గురించే. ఇంట్లో పిల్లలతో కలిసి చదవండి.

ఛార్జ్ ఎక్కడ దాగుతుంది?

మన సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్ మీద సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంటుంది. అందులో ఛార్జ్ లోహపు పొరల మీద నిలుస్తుంది. ఫారడ్ అంటే ఒక వోల్టు దగ్గర ఒక కూలూంబ్ ఛార్జ్ దాచుకునే శక్తి. 10 లక్షల మైక్రోఫారడ్లు కలిస్తే ఒక ఫారడ్.

సూపర్ కెపాసిటర్‌లో లోహపు పొరల బదులు యాక్టివేటెడ్ కార్బన్ వాడతారు. వాటర్ ప్యూరిఫయర్‌లో ఉండే నల్లటి పదార్థం లాంటిదే ఇది. ఒక్క గ్రాములో ఉన్న సన్నని రంధ్రాల గోడలన్నీ పరిస్తే 1000 చదరపు మీటర్లు దాటుతుంది. ఎలక్ట్రోలైట్ ద్రవంలోని అయాన్లు ఆ గోడలకు నానోమీటరు కంటే తక్కువ దూరంలో చేరతాయి. పిల్లలు బట్టీ పట్టే సూత్రంలో వైశాల్యం పైన, దూరం కింద ఉంటాయి. వైశాల్యం అంత పెరిగి దూరం అంత తగ్గితే కెపాసిటీ ఎందుకు పెరగదు?

బ్యాటరీ పద్ధతి వేరు. అయాన్లు పదార్థం లోపలికంటా వెళ్లి రసాయన చర్యలో పాల్గొంటాయి. అందుకే ఎక్కువ శక్తి నిలుస్తుంది, అందుకే ఆలస్యం కూడా.

రుథీనియం ఆక్సైడ్ లాంటివి ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఛార్జ్ చేస్తున్నప్పుడు ద్రవంలోంచి ఒక ప్రోటాన్, వైరు వైపు నుంచి ఒక ఎలక్ట్రాన్ ఆక్సైడ్‌లోకి వస్తాయి. రుథీనియం ఆక్సీకరణ స్థితి +4 నుంచి +3కి తగ్గుతుంది. వాడుకునేటప్పుడు రెండూ వెనక్కి పోతాయి. రసాయన చర్య జరుగుతున్నా వేగం మాత్రం కెపాసిటర్‌దే. దీన్ని సూడో కెపాసిటెన్స్ అంటారు. రుథీనియం ఆక్సైడ్ కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుందని 1971లో ఇటలీకి చెందిన ట్రసాటి, బుజాంకా గమనించారు.

వరుసగా ఉంటేనే మంచిదా?

ఉప్పు రవ్వలో పరమాణువులు అసెంబ్లీలో పిల్లల్లా వరుసల్లో ఉంటాయి. అది స్ఫటికం. కిటికీ అద్దంలో ఆ వరుస ఎక్కువ దూరం సాగదు. అది అస్ఫటికం. స్ఫటికమే మేలైనదని మనకు అనిపిస్తుంది. ఛార్జ్ దాచే విషయంలో మాత్రం లెక్క తిరగబడింది.

1995లో అమెరికా సైనిక పరిశోధనశాలకు చెందిన జెంగ్, సైగన్, జావ్ నీటితో కూడిన రుథీనియం ఆక్సైడ్ పొడిని వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర వేడి చేసి చూశారు. 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర తయారైన అస్ఫటిక పొడి గ్రాముకు 720 ఫారడ్ల వరకు ఇచ్చింది. 175 డిగ్రీలు దాటాక స్ఫటికం ఏర్పడింది, కెపాసిటీ వేగంగా పడిపోయింది.

కారణం సులువే. స్ఫటికంలో పరమాణువులు ఇరుకుగా పేర్చి ఉండటంతో ప్రోటాన్లు లోపలికి పోలేవు, చాలావరకు పైపొరే పనిచేస్తుంది. లోపల ఉన్న రుథీనియం ఊరికే బరువు. అస్ఫటికంలో సందులుంటాయి, ఆ సందుల్లో నీరుంటుంది. ప్రోటాన్ ఆ నీటి అణువుల మీదుగా లోపలికి చేరుతుంది.

అలాగని ఎంత గజిబిజిగా ఉంటే అంత మంచిదని కాదు. ఎలక్ట్రాన్లకు కూడా దారి కావాలి. వేడి చేసేకొద్దీ ఆ పొడిలో విద్యుత్ నిరోధం తగ్గింది. ప్రోటాన్‌కి సందు, ఎలక్ట్రాన్‌కి దారి రెండూ కుదిరిన చోటు 150 డిగ్రీలు.

ఖరీదు తగ్గాలంటే?

రుథీనియం ప్లాటినం కుటుంబానికి చెందిన లోహం, చాలా ఖరీదు. 1999లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో లీ, గుడ్‌ఎనఫ్ అస్ఫటిక మాంగనీస్ డయాక్సైడ్‌ని పరీక్షించారు. టార్చి సెల్ లోపల ఉండే నల్లపొడి కూడా మాంగనీస్ డయాక్సైడే. వారు వాడిన ద్రవం పొటాషియం క్లోరైడ్ కలిపిన నీళ్లు. మన రైతులు వేసే పొటాష్ ఎరువులో ఉండేది ఆ లవణమే. గ్రాముకు సుమారు 200 ఫారడ్లు వచ్చాయి. రుథీనియం కంటే తక్కువే, కానీ ముడిసరుకు చవక. మన విజయనగరం జిల్లా గరివిడి ప్రాంతం మాంగనీస్ గనులకు పేరున్నదే. ఇదే గుడ్‌ఎనఫ్‌కి లిథియం అయాన్ బ్యాటరీల పరిశోధనకు 2019లో, 97 ఏళ్ల వయసులో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి ఫోన్‌లో ఎందుకు లేదు?

బజారులో దొరికే కార్బన్ సూపర్ కెపాసిటర్లు కిలోకి సుమారు 5 నుంచి 10 వాట్ అవర్ల శక్తి దాస్తాయి. లిథియం అయాన్ బ్యాటరీలు 150 పైనే. ఫోన్‌లో పెడితే క్షణాల్లో నిండుతుంది, త్వరగానే ఖాళీ అవుతుంది. అందుకే త్వరగా నింపి త్వరగా వాడేచోట వీటిని పెడతారు. షాంఘైలో 2006లో మొదలైన సూపర్ కెపాసిటర్ బస్సులు స్టాపుల్లో ఆగినప్పుడే ఛార్జ్ చేసుకునేవి. వేగం తగ్గకుండా శక్తి పెంచాలన్నదే ఆక్సైడ్ల మీద జరుగుతున్న పరిశోధన లక్ష్యం.

ఇంట్లో చేసి చూడండి

నేల టైల్ మీద ఒక ఇంకు చుక్క, చాక్‌పీస్ మీద ఒక ఇంకు చుక్క వేయించండి. ఒక నిమిషం తర్వాత టైల్ తుడిపించి, చాక్‌పీస్ విరిపించండి. ఇంకు ఎక్కడిదాకా వెళ్లిందో పిల్లల్నే చెప్పమనండి. ఆక్సైడ్‌లోని సందులు ఇంతకంటే ఎంతో చిన్నవి, పరమాణువుల స్థాయివి. పోలిక అంతవరకే.

ఒక జాగ్రత్త: స్విచ్ ఆపేసినా ఫ్యాన్ కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. పిల్లల్ని దాన్ని విప్పనివ్వకండి. టార్చి సెల్ కూడా కోయనివ్వకండి.

చివరగా ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఒకే ఆక్సైడ్, ఒకే బరువు. ఎక్కువ వేడి చేస్తే తక్కువ ఛార్జ్ ఎందుకు దాస్తుంది?" సూత్రం అప్పజెప్పడం కాదు, కారణం తన మాటల్లో చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఆ జవాబు మాకు చెప్పండి.