మైపాడు ఒడ్డున మబ్బు వేళ బొమ్మ గీయడం



మన హాస్టల్ వార్షికోత్సవానికి డైనింగ్ హాలు గోడల నిండా బొమ్మలు తగిలించే ఆనవాయితీ మేము చదువుకున్న రోజుల నుంచీ ఉంది. అప్పట్లో మేము గీసినవన్నీ ఒకే అచ్చు. రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, ఒక గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, ముందు ఒక ఏరు. సముద్రం గీయమంటే ఆ ఏటినే కాస్త వెడల్పు చేసి, దాంట్లో అస్తమించే సూర్యుణ్ణి పెట్టేవాళ్లం. ఒక ఏడాది మాలో ఒకరి తండ్రి, మైపాడు వైపు నుంచి వేటకు పోయే మనిషి, కొడుకును చూడటానికి వచ్చి ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఏంది అబ్బయా, మన సముద్రంలో పొద్దు కుంకతాదా?" అని అడిగాడు.

మేమందరం తలలు వంచుకున్నాం. మన తీరం తూర్పు ముఖం. సూర్యుడు నీళ్లలోంచి లేచి, చేల వెనక పడమటికి దిగుతాడు. ఇది తెలియక కాదు. కాగితం ముందు కూర్చోగానే మాకు క్యాలెండరు బొమ్మ గుర్తుకొచ్చేది గానీ కంటితో చూసింది గుర్తుకొచ్చేది కాదు. ఆ మరుసటి ఏడాది నుంచి ఒడ్డుకే పోయి గీయాలని పట్టుపట్టాం. అలా నేర్చుకున్నదే ఈ పాఠం.

చిక్కంతా కాలంతోనే వచ్చింది. వార్షికోత్సవం డిసెంబరులో. బొమ్మలు గీయాల్సింది అక్టోబరు, నవంబరు నెలల్లో. నెల్లూరు జిల్లాకు ఏడాదంతా పడే వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల వల్లే, అంటే ఆ మూడు నెలల్లోనే పడుతుంది. నైరుతి రుతుపవనాల తడి చాలావరకు పడమటి కనుమల దగ్గరే దిగిపోతుంది. ఈశాన్యపు గాలి మాత్రం బంగాళాఖాతం మీదుగా తడిని మోసుకుని నేరుగా మన మీదికి వస్తుంది. అందుకని ఏడు గంటలకు ఎండ, ఎనిమిదింటికి మబ్బు, ఎనిమిదిన్నరకు జల్లు, తొమ్మిదింటికి మళ్లీ ఎండ. ఇదీ మనకు దొరికే ఉదయం.

మొదటిసారి పోయినప్పుడు మేము చేసిన పని చెబితే నవ్వుతారు. నెల్లూరు నుంచి మైపాడు దాదాపు పాతిక కిలోమీటర్లు. మొదటి బస్సుకు పోయాం. ఆకాశం నీలంగా ఉంది, నీలం పూశాం. అరగంటలో మబ్బు పట్టింది, అయ్యో అని నీలం మీద బూడిదరంగు పూశాం. ఎండ వచ్చింది, పసుపు కలిపాం. నీటిరంగు పలచని పొర. కింది కాగితపు తెలుపు దాని గుండా కనబడితేనే దానికి కాంతి. తడి ఆరకముందే మూడు రంగులు ఒకదాని మీద ఒకటి పడితే ఆ తెలుపు మూసుకుపోయి బురద అవుతుంది. ఆరుగురం పోయాం, ఆరు బురద బొమ్మలు తెచ్చాం. పైగా తిరిగొచ్చే ముందు పడిన జల్లుకు వాటి మీద చుక్కలు.

అప్పుడు తెలిసిందేమిటంటే, ఆకాశం వెంట పరుగెత్తకూడదు. ఏ క్షణాన్ని గీస్తున్నామో ముందే ఎంచుకుని, మబ్బు మారినా ఆ క్షణానికే కట్టుబడాలి. వెలుగు పూర్తిగా మారిపోతే ఆ కాగితం పక్కన పెట్టి ఇంకొకటి తీయాలి. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే చేసింది ఇదే. 1892 నుంచి 1894 వరకు రువాన్ పట్టణపు చర్చి ముఖద్వారాన్నే ముప్పైకి పైగా కాన్వాసుల మీద వేశాడు. వెలుగు మారినప్పుడల్లా కాన్వాసు మార్చేవాడు. మనకు కాన్వాసులు లేవు. డ్రాయింగ్ షీటును నాలుగు ముక్కలు చేసుకుంటే నాలుగు వెలుగులు పట్టవచ్చు. ప్రదర్శనకు పెద్ద బొమ్మే కావాలని పట్టుబట్టే మాస్టార్లు ఉంటారు. మాకూ ఎదురయ్యారు. చిన్న ముక్కలు నాలుగూ ఒకే అట్ట మీద వరసగా అంటిస్తే వాళ్లూ ఒప్పుకున్నారు.

రంగు ముట్టుకునే ముందు నోటుబుక్కులో అగ్గిపెట్టె అంత గడి గీసి, పెన్సిలుతో మూడే మూడు ఛాయలు పెట్టండి: ఆకాశం, నీళ్లు, ఇసుక. ఈ మూడింటిలో ఏది అన్నిటికన్నా తెలుపు, ఏది అన్నిటికన్నా నలుపు? మబ్బు వేళ చాలాసార్లు నీళ్లు ఆకాశం కన్నా చిక్కగా ఉంటాయి. తడి ఇసుక పొడి ఇసుక కన్నా నల్లన, కానీ అల వెనక్కి పోయిన క్షణాన అది అద్దంలా ఆకాశాన్నే చూపిస్తుంది. నురగకు రంగు లేదు. అక్కడ కాగితాన్ని ఖాళీగా వదిలేయాలి. ఈ చిన్న గడి ఒక్క నిమిషం పని. తరువాత మబ్బు ఎన్ని వేషాలు వేసినా మీ తీర్పు ఆ గడిలో భద్రంగా ఉంటుంది.

నీలం డబ్బా మూత తీయగానే సముద్రానికి పూసేయకండి. పెన్నకు వరద వచ్చిన రోజుల్లో ఒడ్డు దగ్గర నీళ్లు మట్టిరంగు, ఆ అవతల బూడిద కలిసిన ఆకుపచ్చ. మబ్బుకు నల్లరంగు వాడితే చచ్చిన బొమ్మ అవుతుంది. నీలంలో ఇటుకరంగు కొద్దిగా కలిపి చూడండి. చవక రంగుల డబ్బాలో కూడా ఆ రెండూ ఉంటాయి.

గాలి సంగతి వేరే చెప్పాలి. సముద్రపు గాలికి ఇసుక లేచి తడి రంగుకు అంటుకుంటుంది. ఒడ్డుకు లాగిపెట్టిన పడవ చాటున కూర్చోండి, పడవ వాళ్లను అడిగి మరీ కూర్చోండి. ఆరబెట్టిన వల మీద చెప్పులతో నడవకండి. కాగితానికి మన పరీక్షల అట్టే చాలు, నాలుగు మూలలా నాలుగు క్లిప్పులు. గాలి మరీ ఎక్కువైతే వెనక్కి వచ్చి బకింగ్‌హాం కాలువ గట్టున కూర్చోవచ్చు. అక్కడ నీళ్లు కదలవు, మబ్బు తలకిందులుగా కనబడుతుంది. మాకు మంచి బొమ్మలు కొన్ని అక్కడే వచ్చాయి.

బొమ్మ అయ్యాక వెనక తేదీ, గంట, గాలి ఏ దిక్కు నుంచి వచ్చిందో రాయండి. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో హాంప్‌స్టెడ్ అనే చోట కూర్చుని కేవలం ఆకాశాన్నే పదుల కొద్దీ కాగితాల మీద వేసి, వాటిలో చాలావాటి వెనక ఇలాగే రాసుకున్నాడు. మన తెలుగునాట దామెర్ల రామారావు రాజమండ్రిలో 1897లో పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూశాడు. అక్కడి కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన ప్రతిభను గుర్తించగా బొంబాయి జె.జె. స్కూలులో చదివి, తిరిగొచ్చి తన గోదావరి సీమనే గీశాడు. రాజమండ్రిలో ఆయన పేరున చిత్రశాల ఉంది. పెద్ద తరగతుల వాళ్లు విహారయాత్ర అటు పెట్టించుకుంటే బాగుంటుంది.

ఇక జాగ్రత్తలు. వాన సముద్రం మీద నుంచి వస్తుంటే ముందుగా మాయమయ్యేది నీళ్లూ ఆకాశం కలిసే గీత. అది కనబడకపోతే సామాను సర్దండి. ఉరుము వినబడితే సరుగుడు తోపులోకీ తాటిచెట్టు కిందికీ పోవద్దు, పక్కా కట్టడంలోకి పోండి. కృష్ణపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరవేశారని వార్తల్లో వస్తే ఆ వారం బొమ్మల మాటే వద్దు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫాను, దాటకముందే మన జిల్లాను ఎలా ముంచిందో చూశాం గదా. మోనే అంతటివాడు 1885లో ఎత్రెతా తీరాన అల రాకడను తప్పుగా లెక్కవేసి, దెబ్బకు కొండరాయికి కొట్టుకున్నాడు. అదృష్టం బాగుండి బతికాడు.

రెండో ఏడాది ప్రదర్శనకు ముందు మాలో మాకు గొడవ వచ్చింది. ఒకడి బొమ్మ సగంలో ఉండగా జల్లు పడి, ఆకాశం నిండా చినుకుల మచ్చలు ఏర్పడ్డాయి. అటువంటిది గోడకు పెడితే హాస్టల్ పరువు పోతుందని కొందరం, పెట్టాల్సిందేనని కొందరం. గీసినవాడు మాత్రం ఏమీ అనలేదు, మూలన కూర్చున్నాడు. చివరికి తలుపు వెనక, ఎవరికీ అంతగా కనబడని చోట తగిలించాం. ఆ వేటకు పోయే పెద్దాయన మళ్లీ వచ్చాడు. గోడలన్నీ చూసుకుంటూ పోయి, తలుపు మూసి, ఆ బొమ్మ దగ్గర ఆగాడు. "ఈ పూట మేం వలలు లాగేసి ముందే వచ్చేసినాం" అన్నాడు. వెనక తిప్పి చూశాం. తేదీ, గంట రాసి ఉన్నాయి. ఆయన చెప్పిన రోజే.

మేము వాడిన పరీక్షల అట్టలు ఆరు, క్లిప్పులతో సహా, స్టోరు గదిలో బియ్యం బస్తాల పైన అరలో పెట్టి వచ్చాం. వార్డెన్ గారిని అడిగి తీసుకోండి. కాగితాలు మేము తెస్తాం.