కొండబాట వేసేముందు వాలు చూడండి

మీ ఊరి పక్క అడవిలో జలపాతమో, చక్కటి కోనో ఉందా? పర్యాటకులొస్తే నాలుగు డబ్బులొస్తాయని నడకబాట వేయాలనుకుంటున్నారా? పార పట్టేముందు రెండు సంగతులు తెలుసుకోండి.

మొదటిది చట్టం. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు కొట్టినా, నేల చదును చేసినా 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరమే. అభయారణ్యమైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం రోడ్లు, చెరువులు వంటి 13 సౌకర్యాలకు గ్రామసభ సిఫారసుపై హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చంటోంది. పర్యాటక బాట ఆ జాబితాలో లేదు. కనుక గ్రామసభలో తీర్మానం చేసి డి.ఎఫ్.ఓ.కు అర్జీ పెట్టండి. అనుమతి కాగితం చేతికొచ్చేదాకా పని మొదలెట్టొద్దు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల గిరిజనులు అటవీ శాఖతో కలిసే పర్యాటకం నడుపుతున్నారు.

రెండోది వాలు. బాటను కొండ మీంచి తిన్నగా కిందికి దించితే నాలుగు వానలకే గండి పడుతుంది. కొట్టుకొచ్చిన మట్టి కింది చెరువును పూడ్చేస్తుంది, పొలాల్లో మేట వేస్తుంది. పొలంలో కాంటూరు గట్టు వేసినట్టే బాటను కొండకు అడ్డంగా తీసుకెళ్లండి. బాట వాలు కొండ వాలులో సగానికి మించరాదు. సగటున పదడుగుల నడకకు ఒక అడుగుకు మించి ఎక్కకూడదు. బయటి అంచు కాస్త పల్లంగా ఉంటే నీరు పక్కకు జారిపోతుంది. చెట్టు అడ్డొస్తే బాటనే పక్కకు తిప్పండి.

తొలకరి పడగానే బాట వెంట ఓసారి నడవండి. నీరు పారిన చోటల్లా అప్పుడే సరిచేస్తే ఖర్చు తక్కువ.